ముందు పడవ, తర్వాత పడక: ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ ప్రయాణం లెక్కలు

మార్చి నెలలో ఇంగ్లండులోని లీడ్స్ నుంచి ఒక వరంగల్ అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, ఈసారి టీటీ రేసులకి వెళ్తున్నాం. నలుగురం. డగ్లస్‌లో రూము దొరికింది, డబ్బులు కూడా కట్టేశాం" అన్నాడు. టీటీ అంటే టూరిస్ట్ ట్రోఫీ, ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో ఏటా జరిగే మోటార్‌సైకిల్ రేసులు. డగ్లస్ ఆ దీవి రాజధాని. గొంతులో సంబరం తెలుస్తూనే ఉంది. "మరి పడవ?" అన్నాను. "అదెంత సేపు? వచ్చే నెలలో చూస్తాం."

ఆ మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ సరిగ్గా ఇదే చేశాను. బస దొరికింది, బండితో వెళ్ళడానికి పడవ దొరకలేదు. కట్టిన డబ్బులు వెనక్కి రాలేదు. అప్పటినుంచి ఎవరడిగినా ముందు చెప్పేది ఒక్కటే. ఈ ప్రయాణంలో మొదట చేజిక్కించుకోవాల్సింది మంచం కాదు, ఓడలో చోటు. మిగతావన్నీ దాన్నిబట్టే కుదురుతాయి.

ఎందుకో తెలియాలంటే ముందు ఆ దీవిని కాస్త చూడాలి. ఇంగ్లండుకీ ఐర్లాండుకీ మధ్య, ఐరిష్ సముద్రంలో ఉంటుంది ఐల్ ఆఫ్ మ్యాన్. పొడవు 50 కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు 20 కిలోమీటర్ల పైచిలుకు, జనాభా దాదాపు 84 వేలు. బ్రిటిష్ రాజుకి లోబడినదే కానీ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాదు. సొంత పార్లమెంటు ఉంది, దాని పేరు టిన్‌వాల్డ్. అసలు రేసులు ఇక్కడికి రావడానికి కారణమే ఆ సొంత పార్లమెంటు. 1903 చట్టంతో బ్రిటన్ రోడ్ల మీద వేగం గంటకు 20 మైళ్ళు దాటకూడదన్నారు. మామూలు రోడ్లు మూసి రేసులు పెట్టడానికి అక్కడ వీల్లేదు. ఈ దీవి వాళ్ళు 1904లో చట్టం చేసి మరీ రోడ్లు మూసి కార్లకి దారి ఇచ్చారు. 1907లో మోటార్‌సైకిళ్ళ వంతు వచ్చింది. ఆ మొదటి టీటీలో రెండు సిలిండర్ల తరగతిలో గెలిచింది నార్టన్ బండి. అదే నార్టన్ కంపెనీని 2020లో మన టీవీఎస్ కొనుక్కుంది. డగ్లస్ వీధుల్లో పాత నార్టన్ ఎక్కడైనా ఆగి ఉంటే, టీవీఎస్ ఫ్యాక్టరీ ఉన్న హోసూరుతో దానికి కలిసిన ఈ బంధుత్వం గుర్తొచ్చి నేనూ ఓ నిమిషం ఆగిపోతాను.

ఇప్పుడు రేసు జరిగే దారిని 1911 నుంచి వాడుతున్నారు. ఒక చుట్టు 60.7 కిలోమీటర్లు. స్టేడియం కాదు, ట్రాక్ కాదు. పోస్టాఫీసు, బడి, పబ్బు, ఇళ్ళ గోడలు, కొండ మీద గొర్రెల మేత బీళ్ళు, వీటి మధ్య నుంచి పోయే ఊరి రోడ్డే. ఆ రోడ్డు మీద పీటర్ హిక్‌మన్ 2023లో ఒక చుట్టుని గంటకు 136.358 మైళ్ళ సగటు వేగంతో, అంటే దాదాపు 219 కిలోమీటర్ల వేగంతో పూర్తి చేశాడు. అది చూడ్డానికి ఏటా మే చివర, జూన్ మొదట్లో 40 వేలకు పైగా జనం వస్తారు. 84 వేల మంది ఉండే చోటికి 40 వేల మంది! వాళ్ళలో చాలామంది బండ్లతో వస్తారు. ఆ బండ్లు సముద్రం దాటాలి.

చిక్కంతా ఇక్కడే. బండి దాటడానికి ఉన్నది ఓడ ఒక్కటే, నడిపేది ఒకే కంపెనీ. 1830లో పుట్టిన ఐల్ ఆఫ్ మ్యాన్ స్టీమ్ పాకెట్, 2018 నుంచి దీవి ప్రభుత్వం చేతిలో ఉంది. ఇంగ్లండులోని హీషమ్ రేవు నుంచి 'మాంక్స్‌మన్' అనే పెద్ద ఓడ మూడు ముప్పావు గంటల్లో డగ్లస్ చేరుస్తుంది. లివర్‌పూల్ నుంచి 'మనానన్' అనే వేగపు ఓడ రెండు ముప్పావు గంటల్లో వెళ్తుంది. ఐర్లాండు వైపు నుంచి కూడా రేసుల రోజుల్లో ఓడలు నడుస్తాయి. టీటీ పక్షం రోజులూ అదనపు ట్రిప్పులు వేస్తారు. ఎన్ని వేసినా ఓడ కడుపులో బండ్లు నిలబెట్టే చోటుకి ఒక హద్దుంటుంది కదా. పైన మనిషి కూర్చునే సీటు ఉన్నా కింద బండికి చోటు లేదంటారు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి రాజమండ్రికి రైలు టికెట్ దొరకనివాడు బస్సు ఎక్కుతాడు, అదీ దొరక్కపోతే నలుగురు కలిసి కారు మాట్లాడుకుంటారు. ఇక్కడ ఆ రెండో దారి లేదు.

అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఈ ఏటి టీటీ ముగియకముందే వచ్చే ఏటి ఓడ గురించి మాట్లాడుకుంటారు. బుకింగు తెరిచే రోజు ముందుగానే ప్రకటిస్తారు. ఆ రోజు కంప్యూటరు ముందు కూర్చోవాలి, అంతే. బాగా గిరాకీ ఉండే రోజులు రెండు. మొదటి రేసు శనివారానికి ముందు వచ్చే శుక్రవారం వెళ్ళడం ఒకటి, ఆఖరి రేసు సీనియర్ టీటీ అయ్యాక ఆదివారం తిరిగి రావడం రెండోది. అందరూ ఆ రెంటికే ఎగబడతారు. మీకు సెలవులు మార్చుకునే వీలుంటే వారం మధ్యలో, మంగళవారమో బుధవారమో అర్ధరాత్రి బయల్దేరే ఓడకి ప్రయత్నించండి. నిద్ర చెడుతుంది కానీ చోటు దొరికే అవకాశం ఎక్కువ. దొరకలేదని వదిలేయకండి కూడా. రద్దు చేసుకున్నవాళ్ళ చోట్లు వసంతకాలంలో ఒకటీ అరా మళ్ళీ అమ్మకానికి వస్తుంటాయి. రోజూ చూసేవాడికి దొరుకుతాయి.

బండి లేకుండా వెళ్తే సగం చిక్కు విడిపోతుంది. ఈ మాట బైకు ప్రియులకి నచ్చదని తెలుసు. కానీ నడిచి ఎక్కేవాళ్ళకి ఓడలో చోటు చాలా తేలిగ్గా దొరుకుతుంది, విమానం కూడా ఉంది. మాంచెస్టర్, లివర్‌పూల్, లండన్, డబ్లిన్‌ల నుంచి దీవికి దక్షిణాన ఉన్న రొనాల్డ్స్‌వే విమానాశ్రయానికి వెళ్ళొచ్చు. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. దీవి మీద బస్సులున్నాయి, 1893 నుంచి నడుస్తున్న ఎలక్ట్రిక్ రైలు ఉంది. ఆ రైలు డగ్లస్ నుంచి రామ్‌సీ దాకా సముద్రం పక్కనే పోతుంది, రేసు దారికి బయట. రోడ్లు మూసినప్పుడు కూడా తిరగగలదు. బండి మీద వెళ్ళినవాడు దారి మూసి ఇరుక్కుపోయిన రోజున రైల్లో వచ్చినవాడు హాయిగా రామ్‌సీలో దిగి రేసు చూస్తాడు.

వీసా విషయం ఇక్కడే చెప్పేస్తాను. యూకే విజిటర్ వీసా ఉన్నవాళ్ళు యూకే నుంచి దీవికి వెళ్ళడానికి వేరే వీసా అక్కర్లేదు. డబ్లిన్ మీదుగా వెళ్ళాలనుకుంటే మాత్రం ఐర్లాండు నిబంధనలు విడిగా చూసుకోవాలి. ఇంగ్లండులో బండి అద్దెకి తీసుకుని వెళ్దామనుకునేవాళ్ళు, ఆ ఇన్సూరెన్సు ఐల్ ఆఫ్ మ్యాన్‌లో, అదీ టీటీ రోజుల్లో పనిచేస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోవాలి. నోటిమాట నమ్మొద్దు.

ఇక బస. పడవ తేదీలు చేతికొచ్చాకే దీనికి దిగాలి. డగ్లస్ సముద్రపు ఒడ్డున వరసగా హోటళ్ళుంటాయి. అవి చాలావరకు ఏటా వచ్చే పాత అతిథులతోనూ, రేసు టీములతోనూ, ఓడ టికెట్టుతో కలిపి ప్యాకేజీలు అమ్మే టూరు కంపెనీలతోనూ నిండిపోతాయి. టూరు కంపెనీ ప్యాకేజీ ధర ఎక్కువనిపిస్తుంది కానీ, పడవా పడకా రెండూ ఒకేసారి ఖాయమవుతాయి. మొదటిసారి వెళ్ళే కుటుంబానికి ఆ అదనపు డబ్బు దండగ కాదని నా అభిప్రాయం.

నాకు మాత్రం బాగా నచ్చింది హోమ్‌స్టే పద్ధతి. 40 వేల మందికి సరిపడా హోటళ్ళు కట్టుకుంటే మిగతా ఏడాదంతా అవి ఖాళీగా పడుంటాయి. అందుకని దీవి ప్రభుత్వమే ఒక ఏర్పాటు చేసింది. రేసుల రోజుల్లో అక్కడివాళ్ళు పేరు నమోదు చేసుకుని తమ ఇంట్లో గదులు అతిథులకి ఇవ్వొచ్చు. పిల్లలు చదువుకి వెళ్ళిపోయిన ఇంట్లో వాళ్ళ గది మనకి దొరుకుతుంది. గోడ మీద పాత పోస్టర్లు అలాగే ఉంటాయి. పొద్దున్నే ఆ ఇంటావిడ టీ కాస్తూ ఇవాళ రోడ్లు ఎన్నింటికి మూస్తారో, కొండ మీద మబ్బు ఎలా ఉందో చెబుతుంది. ఏ వెబ్‌సైటూ అంత బాగా చెప్పలేదు. నమోదు చేసుకున్న ఇల్లేనా కాదా అని మాత్రం చూసుకోండి. సోషల్ మీడియాలో ఎవరో గది ఉందని చెప్పగానే డబ్బు పంపేయకండి.

ఇక టెంటు. ఫుట్‌బాల్ క్లబ్బుల మైదానాలు, రగ్బీ మైదానాలు, రైతుల పొలాలు ఆ పక్షం రోజులూ క్యాంపులైపోతాయి. డబ్బు తక్కువ, సందడి ఎక్కువ. జూన్ అంటే ఎండాకాలం అనుకుని పలచటి దుప్పటితో వెళ్తే మాత్రం కష్టం. రాత్రి చలికి పళ్ళు కొట్టుకుంటాయి, సముద్రపు గాలి టెంటు మేకుల్ని లాగేస్తుంది. అక్కడ నేను నేర్చుకున్న చిన్న విషయం ఒకటుంది. వాన పడ్డ గడ్డి నేలలో బైకు సైడ్ స్టాండు మెల్లమెల్లగా దిగబడుతుంది. రాత్రి నిటారుగా పెట్టిన బండి తెల్లారేసరికి పక్కకి ఒరిగి, పక్క బండి మీద పడి, ఆ బండి ఇంకో బండి మీద పడి ఉంటుంది. అనుభవజ్ఞులు అరచేతంత ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి జేబులో వేసుకొస్తారు, స్టాండు కింద పెట్టడానికి. లేకపోతే చెక్క ముక్క, అదీ లేకపోతే తొక్కి చదును చేసిన కూల్‌డ్రింకు డబ్బా. ఒక సాయంత్రం మా పక్క టెంటులోని పెద్దాయన, జర్మనీ నుంచి వచ్చాడట, ఏమీ మాట్లాడకుండా నా బండి దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని స్టాండు కింద ఒక చెక్క ముక్క దూర్చి వెళ్ళిపోయాడు. ఆ రాత్రంతా వాన.

ఎలాంటి బస అన్నదానికంటే ఎక్కడ అన్నది ముఖ్యం. చాలామందికి అర్థంకానిది, అర్థమయ్యేసరికి ఆలస్యమయ్యేది ఇదే.

రేసు దారి ఒక పెద్ద వలయం. డగ్లస్‌లో మొదలై పడమరగా బల్లక్రెయిన్ దాకా వెళ్ళి, ఉత్తరానికి తిరిగి కర్క్ మైకేల్, బల్లాఫ్, సల్బీల మీదుగా రామ్‌సీ చేరి, అక్కడినుంచి స్నేఫెల్ కొండ భుజం మీదుగా మళ్ళీ డగ్లస్‌కి దిగుతుంది. రేసుకో, క్వాలిఫయింగ్‌కో, అంటే రేసుకి ముందు అర్హత తేల్చే పరుగులకో, ఆ రోడ్లు మూశారంటే వలయం లోపలున్నవాళ్ళు లోపలే, బయటున్నవాళ్ళు బయటే. డగ్లస్ దగ్గర పాత రైలు మార్గం మీద వేసిన ఒక సన్నటి దారి, కొన్ని నడక వంతెనలు ఉన్నాయి కానీ, వాటిని నమ్ముకుని ప్రయాణం పెట్టుకోకూడదు. మూసివేత ఒక్కోరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండొచ్చు. ప్రమాదం జరిగి రేసు ఆపితే ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు రేవునీ విమానాశ్రయాన్నీ ఆ పటంలో పెట్టి చూడండి. రెండూ వలయానికి బయటే ఉన్నాయి. అంటే లోపలి పల్లెలో చవగ్గా ఇల్లు దొరికిందని దిగినవాళ్ళు, తిరుగు ప్రయాణం నాడు రోడ్లు మూయకముందే బయటికి వచ్చేయాలి. సాయంత్రం ఓడకి పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసి రేవు దగ్గర రోజంతా గడపాలి. ఒకేడు ఇద్దరు కుర్రాళ్ళు రోడ్డు పక్క గోడ ఎక్కి కూర్చుని, అవతలి వైపు కనిపిస్తున్న తమ బండి వంక చూస్తూ ఓడ టైము లెక్కపెట్టుకోవడం చూశాను. బండికీ వాళ్ళకీ మధ్య దూరం ఇరవై అడుగులు లేదు.

బయట ఉంటే తిరగడానికి దారులుంటాయి. డగ్లస్, లాక్సీ, రామ్‌సీల మధ్య తీరపు రోడ్డు తెరిచే ఉంటుంది. పడమటి తీరంలోని పీల్ నుంచి డగ్లస్‌కి మామూలు రోడ్డు రేసు దారే కాబట్టి ఫాక్స్‌డేల్ మీదుగా దక్షిణంగా చుట్టి రావాలి. దక్షిణాన క్యాసిల్‌టౌన్, పోర్ట్ ఎరిన్ అయితే మూసివేతల గొడవ దాదాపు లేదు. ప్రశాంతంగా ఉంటాయి, డగ్లస్‌కి ఆవిరి రైలు కూడా ఉంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి నేను దక్షిణమే చెబుతాను. రేసు తప్ప ఇంకేమీ వద్దనుకునేవాళ్ళకి రామ్‌సీ. పట్నం మధ్య పార్లమెంట్ స్క్వేర్‌లో బండ్లు వంపు తిరుగుతుంటే చూసి, నాలుగడుగులు వేసి భోజనం చేయొచ్చు.

రేసులు లేని వేళల్లో కూడా ఒక మార్పు గుర్తుంచుకోవాలి. టీటీ రోజుల్లో కొండ రోడ్డుని వన్‌వే చేస్తారు. రామ్‌సీ నుంచి డగ్లస్ వైపే వెళ్ళాలి. ఊళ్ళు దాటాక ఈ దీవిలో చాలా రోడ్ల మీద వేగపరిమితి లేదు. అది విని వచ్చి, పొద్దున చూసిన రేసరు లాగే సాయంత్రం తానూ తోలాలనుకునేవాళ్ళుంటారు. 1911 నుంచి ఈ దారి మీద ప్రాణాలు పోగొట్టుకున్న పోటీదారులే 260 మందికి పైగా ఉన్నారు. వాళ్ళందరూ ఈ దారిని చదువుకున్నవాళ్ళు. మీ పక్కన ఎవరో దూసుకుపోతే పోనివ్వండి.

తేదీల విషయంలో చెప్పాల్సింది వాతావరణం గురించి. మనానన్ అంటే ఈ దీవి వాళ్ళ పురాణాల్లో సముద్ర దేవుడు. శత్రువుల కంటపడకుండా దీవి మీద తన పొగమంచు దుప్పటి కప్పుతాడని నమ్మకం. ఆ దుప్పటి కొండ మీద పరుచుకుందంటే రేసు లేదు. ఎందుకంటే గాయపడినవాళ్ళని తీసుకెళ్ళే హెలికాప్టరు ఎగరలేకపోతే బండ్లని వదలరు. డగ్లస్‌లో ఎండ కాస్తుంటుంది, కొండ మీద ఏమీ కనిపించదు, జనమంతా ఆకాశం వంక చూస్తూ కూర్చుంటారు. ఈ రోజు రేసు రేపటికి, రేపటిది ఎల్లుండికి జరుగుతుంది. ఒక్కోసారి అసలే జరగదు. 2025లో ఆఖరి శనివారం సీనియర్ టీటీనే రద్దు చేశారు. ఆ ఒక్క రేసు కోసం ముందురోజు వచ్చి మర్నాడు వెళ్ళిపోయేలా టికెట్లు కొన్నవాళ్ళ మొహాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోగలను. కాబట్టి ఏదో ఒక రేసుని పట్టుకుని ప్రయాణం కట్టొద్దు. కనీసం నాలుగు రాత్రులు ఉండేలా చూసుకోండి. మధ్యలో ఏదో ఒకటి తప్పకుండా కుదురుతుంది.

ఇందులోనే ఒక లాభం కూడా ఉంది. మొదటి వారం క్వాలిఫయింగ్. చాలామంది దాన్ని రిహార్సల్ అనుకుని వదిలేస్తారు. కానీ అవే బండ్లు, వాళ్ళే రేసర్లు, దాదాపు అదే వేగం. ఎక్కువ భాగం సాయంత్రాలే జరుగుతుంది కాబట్టి పగలంతా దీవి చూడొచ్చు. జూన్ మొదట్లో అక్కడ రాత్రి పదింటి దాకా వెలుతురు. జనం తక్కువ, బస ధర తక్కువ, ఓడలో చోటు ఎక్కువ. పైగా టీటీలో అందరూ ఒకేసారి బయల్దేరరు. పది సెకన్లకి ఒకరు చొప్పున గడియారంతో పోటీ పడతారు. ముందు వెళ్ళినవాడు గెలుస్తున్నట్టు కాదు. రేసైనా క్వాలిఫయింగైనా పోటీ నడక చెవికి తెలిసేది రేడియో కామెంటరీతోనే. చిన్న రేడియో, ఇయర్‌ఫోన్ తప్పనిసరిగా పెట్టుకోండి. కొన్ని యూకే ఫోన్ ప్లాన్లలో ఈ దీవి కలవదు, నెట్టు వాడితే బిల్లు వాచిపోతుంది.

ఓడ ఎక్కేటప్పుడు బండిని సైడ్ స్టాండు మీద, గేరులో వదిలి, అలారం ఆపేయండి. సిబ్బంది సీటు మీద మెత్త వేసి పట్టీలతో గట్టిగా బిగిస్తారు. ప్రయాణం మధ్యలో కిందికి వెళ్ళనివ్వరు కాబట్టి మందులు, చలికోటు, తినడానికేమైనా ఉంటే ముందే చేతిలోకి తీసుకోండి. కడుపులో తిప్పే అలవాటుంటే వేగపు ఓడ కంటే పెద్ద ఓడ మేలు. దీవి సొంత నోట్లు, ఇప్పటికీ వాడుకలో ఉన్న ఒక పౌండు నోటుతో సహా, ఇంగ్లండు దుకాణాల్లో సాధారణంగా తీసుకోరు. అక్కడే ఖర్చు చేసేసి రండి.

ఇన్ని చేసినా టీటీకి చోటు దొరక్కపోతే ఆగస్టు చివర్లో ఇదే దారి మీద జరిగే మాంక్స్ గ్రాండ్ ప్రీ ఉంది. 1923 నుంచి నడుస్తోంది, పాత క్లాసిక్ బండ్లు కూడా పరిగెడతాయి, రద్దీ బాగా తక్కువ. జూలైలో క్యాసిల్‌టౌన్ దగ్గర బిలౌన్ దారి మీద సదరన్ 100 జరుగుతుంది. దాని చుట్టు ఏడు కిలోమీటర్లే కాబట్టి బండ్లు మళ్ళీ మళ్ళీ కళ్ళముందుకొస్తాయి. ఆ వరంగల్ అబ్బాయికి మే దాకా రోజూ చూసినా ఓడలో బండ్లకి చోటు దొరకలేదు. చివరికి నలుగురూ బండ్లు లీడ్స్‌లోనే వదిలి, హీషమ్‌లో నడిచి ఓడ ఎక్కారు. డగ్లస్ నుంచి రోజూ ఎలక్ట్రిక్ రైల్లో రామ్‌సీ వెళ్ళొచ్చారట.

నేను పోయినసారి దిగిన ఇంటావిడ, బయల్దేరే రోజు గుమ్మం దగ్గర తాళంచెవి తీసుకుంటూ, వచ్చే ఏడు గది ఉంచమంటారా అని అడిగింది. ఓడ బుకింగు ఇంకా తెరవలేదండీ అన్నాను. తలూపింది. "అయితే టికెట్ దొరికాకే ఫోన్ చెయ్యండి. అప్పటిదాకా ఎవరికీ ఇవ్వను" అంది.